పదిహేడో నంబరు మచ్చ

"1994 నవంబరు 12, శనివారం. క్యాంపస్ క్వార్టర్, పెరడు. హాజరు: నేను, అక్క, ఉస్తాద్ (రెండు గంటలు ఆలస్యం). గైర్హాజరు: కరెంటు."

మొన్న న్యూస్ పేపరు మడతలోంచి ఒక కరపత్రం జారిపడింది. పాత కార్లకు కొత్త మెరుపు తెస్తారట. పైన పాలిష్, లోపల సీట్ల దగ్గర్నుంచి పైకప్పు గుడ్డ దాకా శుభ్రం, అంతా ఇంటి ముందుకే వచ్చి ఒక్కరోజులో. ఆ "ఒక్కరోజులో" అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. లేచి వెళ్లి ఆ ఏటి డైరీ తీశాను. అదే పని నేను పంతొమ్మిది రోజులు చేయించాను. పైన ఉన్నది చివరి రోజు రాసుకున్నది.

కారు మా బావగారిది, ముదురు నీలం ఫియట్. ఆయన విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. సెలవు రోజుల్లో రాళ్లు ఏరుకొచ్చి డిక్కీలో పోసేవారు, దవడలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. కుడి మోచెయ్యి కిటికీ మీద ఆనించి, ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతూ తార్నాక నుంచి క్యాంపస్‌కు వచ్చేవారు. తరువాత నీటికాసులు వచ్చి ఒక కన్ను పూర్తిగా, రెండోది ముప్పాతిక పోయాయి. తార్నాకలో వాళ్ల సందు ఇరుకు, కారు పెట్టే చోటు లేదు. రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసే నాకు క్యాంపస్‌లో క్వార్టర్ ఉండేది కాబట్టి దాన్ని నా పెరట్లో నేరేడు చెట్టు కింద నిలబెట్టాం. మూడేళ్లు అక్కడే ఉండిపోయింది. నేరేడు పళ్లు, కాకులు, ఎలుకలు తలా ఒక చెయ్యి వేశాయి.

ఆ మూడేళ్లూ బావగారు ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. చర్చికి రమ్మని అక్క ప్రతి ఆదివారం అడిగేది. ఆటోలో తనను సామాన్లలా ఎక్కించి దించడం ఆయనకు అవమానం. ఒకరోజు విసుగెత్తి, "నా బండి ఉంటే వస్తా, లేకపోతే నన్ను అడక్కు" అన్నారు. అది ఇక కదలదన్న ధీమాతోనే ఆ మాట అన్నారు. కానీ అక్క ఆ మాట పట్టుకుని సాయంత్రానికల్లా నా ఇంటికొచ్చింది. "తమ్ముడూ, ఆయన నోటితో ఆయనే అన్నారు. ఇంకోసారి అనరు" అంది.

ఇంజను పని ఆఫీసు జీపు చూసే మెకానిక్కు వారంలో ముగించాడు. అసలు కష్టం పైమెరుపుతో వచ్చింది. దాని కోసం ముషీరాబాద్‌ నుంచి ఒక ఉస్తాద్‌ను పిలిచాను. అంతకు ముందే కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపాలన్నీ నంబర్లు వేసి డైరీలో రాసుకున్నాను. మొత్తం ముప్పై ఒకటి. ఉస్తాద్ ఆ జాబితా మర్యాదగా విన్నాడు. తరువాత నాతో ఒక్క ముక్క చెప్పకుండా పన్నెండో నంబరుతో మొదలుపెట్టాడు. పొద్దున రమ్మంటే మధ్యాహ్నం వచ్చేవాడు. అతనొస్తే కరెంటు ఉండేది కాదు, కరెంటుంటే పాలిష్ మిషన్ వేరేచోట ఉండేది. "రేపు పక్కా సార్" అన్న మాట నా డైరీలో ఎనిమిది చోట్ల ఉంది.

లోపలి పని మాత్రం నా ఇష్టప్రకారమే జరిగింది. సీట్లు బయటికి తీయించాను. ఎలుకలు గూడు కట్టుకున్న స్పాంజి మార్పించాను. పైకప్పు గుడ్డ సబ్బునీళ్లతో రెండుసార్లు తుడిపించాను, నేల సందుల్లో ఇరుక్కున్న లవంగం పొట్టు పాత టూత్‌బ్రష్షుతో నేనే తీశాను. ఆఖరికి అబిడ్స్ నుంచి మల్లెపూల వాసనొచ్చే అట్టముక్క తెచ్చి అద్దానికి వేలాడదీశాను. శనివారం సాయంత్రానికి ముప్పై నంబర్లకు టిక్కులు పడ్డాయి. మిగిలింది పదిహేడు: "డ్రైవరు తలుపు, కిటికీ అంచు, జానెడు మచ్చ."

ఉస్తాద్ అక్కడ బొటనవేలితో నిమిరి, చేతిగుడ్డ భుజాన వేసుకున్నాడు. "గీడ రుద్దొద్దు సార్. పెయింట్ ఉల్లిపొర లెక్క ఉన్నది. ఇంకో చెయ్యి పడితే అస్తర్ బయటికొస్తది" అన్నాడు. అస్తర్ అంటే రంగు కింద ఉండే మొదటి పూత. అలాగైతే అంతమేరకు రంగు వేసెయ్యమన్నాను. పాత నీలంలో కొత్త నీలం అతుకేసినట్టు ఉంటుందని ఒప్పుకోలేదు. జాబితాలో ఉంది కదా అని డైరీ చూపించాను.

"లిస్టు మీరు రాసిండ్రు సార్. బండికి తెల్వది గద."

పక్కనే ఉన్న అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. గుడ్డ ఇలా ఇవ్వు, నేనే రుద్దుతానన్నాను. అతను ఇవ్వలేదు.

"ఎవరిదో మోచెయ్యి ఏండ్లకేండ్లు ఆడ రుద్దింది. నాకన్న ముందుగాల పాలిష్ పట్టింది ఆయననే. ఆయన పని నేనెట్ల చెడగొట్టాలె?" అని, మిషన్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పని ఎగ్గొట్టడానికి ఇంత అందమైన సాకు నేను ఎక్కడా వినలేదని ఆ రోజు డైరీలో రాశాను. ఎర్ర సిరాతో రాశాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కారు తీసుకుని తార్నాక వెళ్లి, సందు మొదట్లో ఆపాను. అక్క బావగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన తెల్ల చొక్కా వేసుకున్నారు. నేను ఎడమవైపు తలుపు తెరిచి నిలబడితే, ఆయన బానెట్ తడుముకుంటూ చుట్టూ తిరిగి, అలవాటుగా డ్రైవరు సీట్లో కూర్చున్నారు. తలుపు వేసుకున్నారు. గాలి పీల్చారు.

"ఎవరి బండి తెచ్చావోయ్?" అన్నారు. "పెళ్లివారిదా?"

పంతొమ్మిది రోజులు నేను కడిగించిందేమిటో అప్పుడు తెలిసింది. చూపు లేని మనిషికి మెరుపు చూపించబోయాను. ఆయనకు గుర్తు దొరికే లవంగాల వాసనను టూత్‌బ్రష్షు పెట్టి మరీ గోకి పారేశాను. అక్క బైబిలు గుండెకు హత్తుకుని నిలబడిపోయింది. ఇది మీ బండేనని నేను చెప్పేలోపే ఆయన దిగడానికి కదిలారు. కదులుతూ, ఊతం కోసం కుడి మోచెయ్యి కిటికీ మీద పెట్టారు.

అది అక్కడే ఆగింది. కాసేపటికి దాన్ని తీసి, ఆ చోట అరచేత్తో నిమిరారు. ఇటు చివరి నుంచి అటు చివరికి, మళ్లీ ఇటు.

"ఇక్కడ పాలిష్ పట్టలేదేం?"

"చెప్పాను బావగారూ. ఎన్నిసార్లు చెప్పినా వాడు చెయ్యనన్నాడు."

"వాడెవడో పని తెలిసినవాడు" అన్నారు. మల్లెపూల అట్ట తడిమి, తెంపి బయట పడేశారు. ఆ కారులో ముందు సీటు బల్లలా ఒకటే ఉండేది. దాని మీదే మెల్లగా ఎడమవైపుకు జరిగి నాకు చోటిచ్చారు. "పద, ఆలస్యమవుతోంది. మీ అక్కను ఎక్కమను."

ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. పదిహేడుకు ఎదురుగా టిక్కు లేదు. టిక్కు పెట్టిన ముప్పైలో ఒక్కటీ నాకు గుర్తు లేదు, చదివినా గుర్తు రావడం లేదు. అన్నేళ్ల డైరీల్లో నేను పూర్తిచేసిన పనులన్నీ కాలంతో పాటు వెళ్లిపోయాయి, చెయ్యనివ్వని ఈ ఒక్కటీ ఉండిపోయింది.