కప్పు పడని ఇల్లు

మొన్న మా మనవరాలు బడి కోసం ప్రపంచపటం గీస్తూ కూర్చుంది. మనుషులు ఆఫ్రికాలో బయలుదేరి ఎటెటు పోయారో ఎర్ర పెన్సిలుతో బాణాలు వేస్తోంది. ఒక్క బాణమూ వెనక్కి తిరగలేదు. "అందరు పోయిండ్రు సరే, ఇంటికాడ ఎవరున్నరు తాతా?" అంది. నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

ఆమె భర్త, మా బాపుకు అన్న అయిన పెద్దబాపు, ఒకచోట కాలు నిలవని మనిషి. రోడ్లకు డాంబరు పోసే పని ఆయనది. షోలాపూర్, బొంబాయి, సూరత్, ఎక్కడ కొత్త రోడ్డు పడితే అక్కడికి పోయేవాడు. ఇప్పుడంటే మా ఊరు చిన్న మంగళారం ఫాంహౌసుల్లో పనికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తున్నారు. అప్పుడు మావాళ్లే పోయేవాళ్లు. ఇంటికొచ్చినా రెండో పూటకే ఆయన వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. చేవెళ్ల రోడ్డు మీద లారీ మోత వినబడితే చాలు, తింటున్న అన్నం వదిలి లేచేవాడు. పెళ్లైన కొత్తలో ఊరి చివర మట్టిగోడలు లేపి, "మళ్ల వచ్చినప్పుడు కప్పేస్త" అని పోయాడు. నా చిన్నతనం గడిచిపోయినా కప్పు పడలేదు. పెద్దమ్మ మా ఇంట్లోనే ఒక అర్రలో ఉండేది. ఏటా వానలకు ముందు పోయి, గోడలు కరిగిపోకుండా వాటి నెత్తిన జొన్నచొప్ప పరిచి రాళ్లు పెట్టేది. గోడలకు టోపీలు పెడుతోందని మా అమ్మ నవ్వితే తనూ నవ్వేది. ఆదివారం చర్చిలో మాత్రం నవ్వేది కాదు. అందరూ పంటల కోసం, పిల్లల కోసం ప్రార్థన చేస్తుంటే, "ప్రభువా, ఆయన కాలు జర నిలువనియ్యి" అని గొంతెత్తేది. వినీ వినీ అలవాటైపోయి, ఆమె లేవగానే కొందరు ముందే ఆమెన్ అనేసేవారు. నాకు మాత్రం పెద్దబాపు మీద ఒళ్లు మండేది.

చివరికి ఒక ఎండాకాలం, మోకాళ్లు అరిగాక, ఆయన వచ్చి రేకులతో కప్పు వేశాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, అందరం బగారన్నం తిన్నాం. మర్నాడు పొద్దున పెద్దమ్మ ఇల్లు ఊడ్చి, పొయ్యి అలికి, సంచిలో రెండు చీరలు పెట్టుకుంది.

"యాడికి?" అన్నాడు పెద్దబాపు.

"బొంబాయికి, మా చెల్లె దగ్గరికి. ఇన్నేండ్లు నన్ను ఇడిసి ఏం జూసినవో నేను గూడ జూసొస్త."

"మళ్ల ఎప్పుడొస్తవు?"

"నువ్వెన్నడన్న జెప్పి పోయినవా?"

మొయినాబాద్ దాకా పోయి తిరిగొస్తుందనుకుని ఆయన నవ్వాడు. ఆమె పట్నం బస్సెక్కి రైలు స్టేషనుకు పోయింది. ఆమె వచ్చే వేళకు ఇంటికి తాళం ఉండకూడదని ఆయన చర్చికి కూడా రావడం మానేశాడు. వానలు మొదలయ్యాయి. రేకుల మీద చినుకుల మోతలో బస్సు చప్పుడు వినబడదని గొడుగేసుకుని వాకిట్లోనే కూర్చునేవాడు. నేను అన్నం తీసుకుపోతే, "పొద్దు గింత పొడుగుంటదా బిడ్డా?" అనేవాడు. జాలిపడాలో కోప్పడాలో తెలిసేది కాదు.

వానలు వెనకబట్టాక పెద్దమ్మ వచ్చింది. గడపలో నిలబడి ఆయన్ను చాలాసేపు చూసింది.

"గింత ముసలోడివైనవేంది?" అని కళ్లు తుడుచుకుంది.

నిజమే, ఆయన గుర్తుపట్టలేనంతగా మారిపోయాడు. ఆయన ఎదురుచూసింది ఒక్క వానాకాలం. పెద్దమ్మ వయసంతా ఎటు పోయిందో నాకు అప్పుడు తెలిసింది.