జేబులున్న పటం

మా సోషల్ టీచరమ్మ పోయారు. ఆ కబురు వచ్చినప్పుడు నేను కాప్రాలో, మా బడిలో, తొమ్మిదో తరగతికి ఎన్నికల పాఠం చెబుతున్నాను. ఫోన్‌లో ఆమె కూతురు. "అమ్మ నిద్రలనే పోయిందక్కా. నీకే ముందుగాల చెప్పమని ఎప్పుడో అన్నది," అంది. పిల్లలను చదువుకోమని చెప్పి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఎక్కడినుంచో జొన్నలు వేగుతున్న వాసన వచ్చినట్టు అనిపించింది. చుట్టుపక్కల పొయ్యి అన్నది లేదు.

ఆమె మాకు సికింద్రాబాదులో హైస్కూల్లో చరిత్ర, పౌరశాస్త్రం చెప్పారు. నేరేడ్‌మెట్ నుంచి బస్సులో వచ్చేవారు. చేతిలో ఎప్పుడూ కర్రకు చుట్టిన ఒక బట్ట ఉండేది. అది హైదరాబాదు రాజ్యం పటం. పాత దుప్పటి మీద తెలుగు జిల్లాలు ఆకుపచ్చ గుడ్డతో, మరాఠీ జిల్లాలు పసుపుతో, కన్నడ జిల్లాలు నీలంతో తానే కుట్టుకున్నారు. ఒక్కో జిల్లాకు ఒక్కో జేబు. దువ్వెనలూ రిబ్బన్లూ పెట్టుకోవడానికి ఇళ్లలో గోడకు జేబుల సంచి వేలాడేది చూడండి, అలాంటిదన్నమాట. ఒకసారి కండక్టరు ఆ కర్రకు కూడా టికెట్ తీయమన్నాడట. "సగం టికెట్ కొట్టు నాయినా, పూర రాజ్యం ఎప్పుడో పోయింది, ముక్కలే మిగిలినయ్," అన్నారట ఈమె. కండక్టరుకు ఏమీ అర్థం కాక టికెట్టే కొట్టలేదని చెప్పి తెగ మురిసిపోయేవారు.

పటాన్ని మేకుకు తగిలించేముందు చెప్పులు విడిచేవారు. ఎందుకు టీచర్ అంటే, "మంది ఇండ్లున్నయ్ గదా దీంట్ల," అనేవారు. ఫ్యాను తిరిగితే జేబులు మెల్లగా ఉబ్బేవి. మధ్యాహ్నం పూట, సగం నిద్రలో ఉన్న మా క్లాసుకు, ఆ రాజ్యం ఊపిరి తీసుకుంటున్నట్టే కనిపించేది.

నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చిన నలభై ఎనిమిది సెప్టెంబరు గురించి మా పుస్తకంలో ఉన్నది ఒక్క పేరా. పుస్తకం దాన్ని పోలీసు చర్య అంది. ఇళ్లలో ముసలివాళ్లు పోలీసు యాక్షన్ అనేవారు. "ఈ పేరాల పొయ్యి లేదు," అన్నారు టీచరమ్మ. మా అందరికీ ఒకే పని పెట్టారు. "ఇంట్ల పెద్దోళ్లను అడుగుర్రి. గా దినాలల్ల మీ ఇంట్ల పొయ్యి మీద ఏముండె? ఎవరు మంచోళ్లు, ఎవరు చెడ్డోళ్లని అడగకుర్రి. జవాబు పట్టుకొచ్చి మీ జిల్లా జేబుల ఎయ్యిర్రి."

పిల్లలు బియ్యం తెచ్చారు, సజ్జలు తెచ్చారు, చింతపండు తెచ్చారు. ఒకడు బిర్యానీ అన్నాడుగానీ జేబులో వేయడానికి వాడి దగ్గర ఏమీ లేదు. నల్లగొండ, వరంగల్ జేబులు ఉబ్బిపోయాయి. నల్లగొండ జేబులో టీచరమ్మ తానే ముందుగా గుప్పెడు పెసలు వేసి ఉంచారు. బీదరు జేబు మాత్రం ఖాళీ. ఆ జేబు నాది.

మాది దూదేకుల ఇల్లు, దూది ఏకే ముస్లిములం. మోండా మార్కెట్ వెనక సందులో మా నాయన పరుపులు కుట్టేవాడు. మా దాదీ, అంటే ఆయన తల్లి, పుట్టింది బీదరు జిల్లాలో. ఆ సాయంత్రం దూది విడదీస్తున్న ఆమెను నేను టీచరమ్మ చెప్పినట్టే అడిగాను. ఆమె చెయ్యి ఆగింది. లేచి లోపలికి పోయింది. "గా ముచ్చట ఎత్తకు బిడ్డా," అంది అమ్మ మెల్లగా.

మర్నాడు మా క్లాసులో ఒకమ్మాయి తాతగారు బడికి వచ్చి, సైన్యం వచ్చిన రోజు వాళ్ల ఊళ్లో పూలు ఎలా చల్లారో, నిజాం కొమ్ముకాసిన రజాకార్ల పీడ ఎలా వదిలిందో చెప్పారు. నిజమే చెప్పారు. కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కానీ భయం పట్టుకుంది. మా దాదీ మాట బయటికి వస్తే "అయితే మీరు ఎటు దిక్కు?" అని అడుగుతారేమో. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ ప్రశ్న కన్నా పెద్ద పరీక్ష ఉండదు. ఆ మర్నాడు నాకు కడుపునొప్పి వచ్చింది, బడికి పోలేదు. దాని మర్నాడు కూడా తగ్గలేదు.

ఆ సాయంత్రమే టీచరమ్మ పటం చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. నాయన దూది ఏకుతున్నాడు. తలుపులోంచి పడే వాలుఎండలో దూది పోగులు తేలుతున్నాయి. ఆమె జుట్టు మీదా భుజాల మీదా వాలుతున్నాయి. దులుపుకోలేదు. నా కడుపునొప్పి సంగతే ఎత్తలేదు. "జేబు ఊడిపోయిందన్నా, జెర కుట్టిస్తవా?" అని మా నాయనను అడిగారు. నాయన చెయ్యి చాపేలోపే దాదీ అందుకుంది.

"ఏందిది, బొంతనా?"

"హైదరాబాద్ స్టేటమ్మా. పిల్లలకు పాఠం చెప్త."

"ఇంత రాజ్యం చంకల పెట్టుకొని తిరుగుతున్నవా?" దాదీ సూదిలో దారం ఎక్కించింది. "ఏ ఊరు ఊడింది?"

"బీదరు."

దాదీ ఆమె మొహంలోకి చూసింది. కుట్టడం మొదలుపెట్టింది. టీచరమ్మ నేల మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే తన ముచ్చట షురూ చేశారు.

"మాది నల్లగొండ దిక్కమ్మా. పోలీసు యాక్షన్‌కు ముందటి మాట. నాకు ఐదేండ్లు. రజాకార్లు వస్తున్నరని మా అమ్మ నన్ను సంకన ఏసుకొని ఉరికింది. పొయ్యి మీద పెసరపప్పు ఉడుకుతుండె. సికింద్రాబాద్ చేరేదాంక 'అమ్మా, పప్పు ఉడికిందా?' అని ఒక్కటే ఏడుపంట. ఊరు ఊరంత పానాలు అరచేతుల పెట్టుకొని ఉరుకుతుంటే నాకు పప్పు పరేషాన్!"

దాదీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కుట్టు దగ్గర ఆగిపోయింది.

"మాది పోలీసు యాక్షన్ అయినంక," అంది. "ఫౌజు ముందుకు పోయింది. ఎనకనుంచి మంది మా మీద పడ్డరు. ఎరిగినోళ్లే. నేను రొట్టె చేస్తున్న. పెనం మీద ఒక దిక్కు కాలింది. మా అన్న వాకిట్లకు పోయి చూసొస్త అన్నడు." సూది ఆమె వేళ్ల మధ్య కదలకుండా ఉంది. "వచ్చినంక తిప్పుదామనుకున్న. తిప్పలే బిడ్డా."

మా నాయన దూది ఏకడం ఆపేశాడు. ఆయనకూ ఆ మేనమామ సంగతి అప్పుడే తెలిసిందని తర్వాత చెప్పాడు. టీచరమ్మ, "జొన్నరొట్టెనా అమ్మా?" అని అడిగారు.

"జొన్నదే."

అప్పుడు తెలిసింది నాకు, మా ఇంట్లో ఎప్పుడు జొన్నరొట్టెలు చేసినా దాదీ అన్నమే ఎందుకు తింటుందో. నేను ఏడ్చేశాను. దాదీ ఏడవలేదు. "సూడు, మీకు భయమైతే సికింద్రాబాదే, మాకు భయమైతే సికింద్రాబాదే," అని కుట్టు ముడివేసి, దారం పంటితో తెంపింది. లోపలికి వెళ్లి గుప్పెడు జొన్నలు తెచ్చి తాను కుట్టిన జేబులో పోసింది.

నా కడుపునొప్పి తగ్గింది. మర్నాడు క్లాసులో పటం పక్కన నిలబడి మా దాదీ రొట్టె సంగతి నేనే చెప్పాను. ఒకబ్బాయి లేచి, "మరి ఎవరిది తప్పు టీచర్?" అన్నాడు. "చెప్త. ఎవలు ఏం చేసిండ్రో అంత చెప్త, ఒక్కటి దాయ," అన్నారామె. "ముందుగాల ఎవరింట్ల ఏం మాడిందో చూడుర్రి." తర్వాత వారమంతా అన్నమాట ప్రకారమే చెప్పారు. రజాకార్ల గురించి, దొరల గురించి, తుపాకులు పట్టిన రైతుల గురించి, సైన్యం వెళ్లాక జరిగిన వాటి గురించి. పూలు చల్లిన ఊరి అమ్మాయి మాత్రం ఆ రోజే ఇంటర్వెల్లో నా దగ్గరికొచ్చి, "మీ దాదీకి మా తాత సలాం చెప్పమంటడు, నాకు తెలుసు," అంది. ఎటు దిక్కు అని ఎవరూ అడగలేదు.

ఆ శుక్రవారం దాదీ పొయ్యి ముందు కూర్చుంది. రొట్టె కొట్టి, పెనం మీద వేసి, రెండో దిక్కు తిప్పింది. గుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టి, "మీ టీచరమ్మకు ఇయ్యి," అంది. టిఫిన్ డబ్బా తిరిగొచ్చేటప్పుడు అందులో పెసరపప్పు ఉంది. దాదీ ఉన్నన్నాళ్లూ ఏటా సెప్టెంబర్లో ఆ డబ్బా అటూ ఇటూ తిరిగింది.

నేనూ సోషల్ టీచర్నయ్యాక ఒకసారి ఆమెను అడిగాను, పిల్లల చేత, పెద్దల చేత మాట్లాడించడం ఎలాగని. "కుట్టు విప్పుకొని పోవాలె," అన్నారు నవ్వుతూ. నాకు తట్టలేదు. "ఓసి పిచ్చిదానా, గా జేబు ఊడలే. బ్లేడు పెట్టి నేనే విప్పిన. నువ్వు పటం ముందట నిలవడితె సాలు, గా జేబునే చూస్తుంటివి."

నిన్న నేరేడ్‌మెట్ వెళ్లాను. ఆమెను నిద్రపోతున్నట్టే పడుకోబెట్టారు. నేను పాదాలు పట్టుకుని, మీరు లేకపోతే మా దాదీ ఆ రొట్టె తిప్పకుండానే పోయేదని చెప్పాను. అన్నీ అయ్యాక ఆమె కూతురు పటం తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కర్ర విరిగిపోయిందట, మడత పెట్టుకుని తీసుకుపొమ్మంది. మంచం మీద పరిచి సరిగ్గా సగానికి మడిచాను. ఇన్నేళ్లూ కర్రకు చుట్టడమే తప్ప ఎవరూ మడిచినట్టు లేరు. మడత సికింద్రాబాదు మీదుగా పడింది. నల్లగొండ జేబు వచ్చి బీదరు జేబు మీద వాలింది. అరచేతితో నొక్కితే, బట్ట లోపల జొన్నలూ పెసలూ ఒకదాని పక్కకు ఒకటి మెల్లగా జరిగి సర్దుకున్నాయి.