అత్తగారు కడిగించిన ఇల్లు

మొన్న వరద నీళ్ళు తీసి గుణదలలో మా ఇంట్లో బురద బయటపడగానే కొంగు బిగించి చీపురు అందుకున్నాను. కోడలు పరుగున వచ్చి, "ఆగండత్తయ్యా, వార్డు సచివాలయం వాళ్ళొచ్చి నష్టం రాసుకుని ఫోటోలు తీసుకునేదాకా ఏదీ ముట్టుకోకండి" అంది. చీపురుతో గుమ్మంలోనే నిలబడిపోయిన నాకు మా అత్తగారు గుర్తొచ్చారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఉయ్యూరుకు దిగువన మా అత్తవారి ఊళ్ళో కాలవగట్టు తెగి ఇళ్ళలోకి నడుములోతు నీళ్ళు వచ్చాయి. మాది గుంటమగ్గం, గోతిలోకి కాళ్ళు దింపుకుని కూర్చుని నేసేది. మామగారి నేత మీదే ఇల్లంతా బతికేది. నీళ్ళు తీసేసరికి గొయ్యి నిండా బురద, మగ్గం మీది పడుగు దారమంతా కుళ్ళు. మగ్గాలు మునిగినవాళ్ళకు ప్రభుత్వం నూలు, సామాను ఇస్తుందని, ఆఫీసరుగారు స్వయంగా వచ్చి చూస్తారని చాటింపు వేశారు.

ఆ స్వయంగా రావడమే మా కొంప మీదికి తెచ్చింది. అంత పెద్దమనిషిని బురదలో కూర్చోబెడతామా అని అత్తగారు గోడలు కడిగించి, తడి ఆరకముందే సున్నం కొట్టించి, కుళ్ళిన పడుగు ఇంట్లో ఉంటే అరిష్టమని కాలవలో పారేయించి, గోతిలో నీళ్ళు తోడించి పైన చాప పరిచి, వాకిట్లో ముగ్గు కూడా పెట్టించారు. మామగారు వద్దని గొణిగారే గానీ, ఆవిడ ముందు ఎవరి మాట సాగింది గనక!

ఆఫీసరుగారు వచ్చి తెల్లటి గోడలు చూసి, మీ ఇంట్లోకి నీళ్ళు రాలేదు కదమ్మా అన్నారు. "ఎందుకు రాలేదండీ, తమరొస్తున్నారని కడిగించామండీ" అంటూ అత్తగారు గర్వంగా కాఫీ అందించారు. చూడనిదాన్ని చూశానని ఎలా రాసేదమ్మా అని ఆయన గ్లాసు కింద పెట్టి లేచారు. ఆయన గడప దాటితే ఆ ఏడాది మాకు నేతా లేదు, తిండీ లేదు. అప్పుడు మామగారు, నేను చూసినంతలో మొదటిసారి, భార్యను అడక్కుండా చాప లాగేశారు. పొద్దున తోడించిన గొయ్యి ఊటతో మళ్ళీ అంచుదాకా నిండి, బురదనీళ్ళు కంపు కొడుతున్నాయి. ఆఫీసరుగారు వంగి చూసి, మళ్ళీ కూర్చుని, కాఫీ తాగి, రాసుకున్నారు.

నూలు వచ్చింది, మగ్గం ఆడింది. అత్తగారు మాత్రం, పెద్దమనిషి ముందు ఇంటి మురికి బయటపెట్టారని మామగారితో చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఏం మనిషమ్మా అని నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

మొన్న వచ్చిన ఉద్యోగి అమ్మాయి గుమ్మం దగ్గరే ఆగి, గోడ మీది బురదచారను ఫోన్‌లో ఫోటో తీసుకుని, కాఫీ తాగమంటే టైం లేదండీ అని వెళ్ళిపోయింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది; సాయం తొందరగానే అందుతుందట. కానీ ఇంటికి మనిషి వస్తోందని తెలిసి, పొద్దుటినుంచీ నేను చేసిన పనల్లా ఆ బురదచార చెరిగిపోకుండా కాపలా కాయడం. అత్తగారు ఉండి ఉంటే నాతోనూ మాట్లాడేవారు కాదు.