ఎత్తు ఊరి నెత్తురు

2021 శీతాకాలం. జర్మనీలో కెమ్నిట్జ్ అనే ఊళ్లోని ఒక ఆసుపత్రిలో, హెమటాలజీ విభాగంలో, అంటే రక్తానికి సంబంధించిన జబ్బులు చూసేచోట, నేను డాక్టర్‌ని. కరోనా రోజులు కావడంతో రోగితో పాటు ఎవరినీ లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. తోడొచ్చినవాళ్లు గేటు బయట చలిలో ఫోను పట్టుకుని నిలబడేవాళ్లు.

అలా వచ్చింది రోసా. బొలీవియా అమ్మాయి, ఇక్కడ మాస్టర్స్‌లో చేరింది. తలనొప్పని వెళితే వాళ్ల వీధిలోని డాక్టరు రక్తపరీక్ష చేసి మా దగ్గరికి తరిమాడు. హిమోగ్లోబిన్ 18.4. ఆడవాళ్లకు పదహారు దాటితే చాలు, మేం ఉలిక్కిపడతాం. ఎముక మజ్జ అదుపు తప్పి ఎర్రకణాలు తయారుచేస్తూ పోయే ఒక రకం రక్త క్యాన్సర్ ఉంది. అదేమోనని జన్యుపరీక్షకు పంపి, బోన్ మ్యారో బయాప్సీకి, అంటే తుంటి ఎముకలోంచి మజ్జ తీయడానికి, అపాయింట్‌మెంట్ కూడా ఇచ్చేశాం.

"క్యాన్సరైతే చదువు వద్దు, అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను," అంది రోసా ఇంగ్లిష్‌లో. అప్పటికే విమానం టికెట్లు చూస్తోందట.

గేటు బయట ఉన్న ఆమె రూమ్‌మేట్ శ్రావణి వరంగల్ పిల్ల. డాక్టరు తెలుగావిడని తెలియగానే రోసా ఫోన్లోంచి ఏడుపు అందుకుంది.

"మేడమ్, నా వల్లనే అయిందా? తలనొస్తుందంటే నీరసం అనుకున్న. రక్తం పడ్తదని రోజూ బీట్‌రూట్ జ్యూస్ తాగిపిచ్చిన, ఖర్జూరాలు తినవెట్టిన."

నవ్వు ఆపుకోలేకపోయాను. రక్తం లేదని బెంగపడటమే గానీ, ఎక్కువైతే ఏం చేయాలో మనవాళ్లకెవరూ చెప్పలేదు.

"బీట్‌రూట్‌కి అంత శక్తి లేదమ్మా. ఎన్నాళ్లుగా పెడుతున్నావు?"

"రోసా ఇక్కడికి వచ్చినకాడికెల్లి. ఇంకా రెండు వారాలు కూడా కాలే మేడమ్, మొన్ననే క్వారంటైన్ అయిపోయింది."

నా నవ్వు ఆగిపోయింది. రోసా వైపు తిరిగి అడిగాను, మీదే ఊరని. మన దగ్గరైతే పేరుకంటే ముందడిగే ఆ ప్రశ్న మా ఆసుపత్రిలో ఒక్కరూ అడగలేదు.

"ఎల్ ఆల్టో. అక్కడే పుట్టాను, అక్కడినుంచే వచ్చాను."

నాలుగు వేల మీటర్ల పైన ఉన్న ఊరు. అంత ఎత్తులో గాలి పలచన. ఉన్న ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకోవడానికి అక్కడివాళ్ల ఒంట్లో ఎర్రకణాలు ఎక్కువగా తయారవుతాయి. విచిత్రమేమిటంటే, అంతే ఎత్తున బతికే టిబెట్ వాళ్లలో ఇంతగా పెరగదు, వాళ్ల శరీరం వేరే దారి వెతుక్కుంది. కిందికి దిగి కొన్ని వారాలుంటే పెరిగినది దానంతటదే తగ్గుతుంది.

మా పెద్ద డాక్టరుతో కాస్త గొంతు పెంచే మాట్లాడి, జన్యుపరీక్ష ఫలితం వచ్చేదాకా బయాప్సీ ఆపించాను. ఆపించానే గానీ, నిజంగా జబ్బే అయితే ఎలాగని లోపల పీకుతూనే ఉంది.

జన్యుపరీక్షలో ఏమీ లేదని వచ్చింది. వారాలు గడిచేకొద్దీ హిమోగ్లోబిన్ పదిహేడుకు, తర్వాత పదిహేనుకు దిగింది. ఆ చివరి రిపోర్టు చూసి నా కుర్చీలో హాయిగా వెనక్కి వాలాను. రోసాకు నేనే ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"అయితే నేను పరీక్షలు రాయాలా?" అంది.

"తప్పదు," అన్నాను.

రిపోర్టు కింద ఉండే నార్మల్ అంకె కూడా ఏదో ఒక ఊరి మనుషుల్ని కొలిచి పెట్టినదేనని నాకు తెలిసింది అప్పుడే. ఊరేదని అడగకుండా ఆ అంకెనే నమ్ముకుని ఉంటే, ఏ జబ్బూ లేని పిల్లను మేమే భయపెట్టి విమానం ఎక్కించేవాళ్లం.