వైరు ముక్క పెట్టనన్నాను

ఈ రోజు సిరిసిల్లలో నేను ఎలక్ట్రీషియన్‌గా చేసే, నూలుకు గంజి పట్టించే సైజింగ్ మిల్లులో యంత్రం మూడుసార్లు ఆగింది. రోలర్ల ముందున్న తలుపు మూసినా, మూయలేదని, తలుపు తెరిస్తే యంత్రాన్ని ఆపే సేఫ్టీ కంట్రోలర్ డబ్బా ఎర్రలైటు చూపిస్తోంది. అక్కడ పనిచేసే రాజవ్వ పక్కకు జరిగి నిలబడింది.

మేనేజర్ వచ్చి, "గా డబ్బాకు ఓ వైరు ముక్క పెట్టి బైపాస్ చెయ్యమ్మా, మాల్ అర్జంటున్నది" అన్నాడు.

"నేను చెయ్య సార్. గా రోలర్ల కాడ రాజవ్వ చేతులుంటయి. మీరు చేతులు పెడతనంటే చెప్పున్రి, ఇప్పుడే చేస్త."

ఆయన వెనక్కి తగ్గాడు. నేను మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని లోపం ఎక్కడుందో వెతికాను. తలుపు స్విచ్ నిండా నూలు పీచు పేరుకుపోయి ఉంది. శుభ్రం చేసి, తలుపు తెరిస్తే యంత్రం ఆగుతోందని రెండుసార్లు చూశాకే అప్పగించాను.

"మస్తు మొండిదానివి బిడ్డా!" అని నవ్వింది రాజవ్వ.

అవును, మొండిదాన్నే. మీ దగ్గర ఆ వైరు ముక్క పెట్టమంటే మీరు పెడతారా?