వంగని ప్యాంటు

ఆ రోజుల్లో జీపు ఎక్కడానికి కాలు ఎంత ఎత్తు లేపాలో ఎవరూ ఆలోచించేవాళ్లు కాదు. నాకు మాత్రం ఒక ఉదయం చందానగర్ రోడ్డు మీద ఆలోచించాల్సి వచ్చింది. ఎడమ కాలు లేపాను. అది జానెడు లేచి, ఎవరో గడియ పెట్టినట్టు ఆగిపోయింది. కుడి కాలు లేపాను. అదీ అంతే. ప్రమాదం అన్న మాట నాకు మొదటిసారి మోకాళ్లలో వినిపించింది అప్పుడే. "ఎక్కమ్మా, జర జల్ది," అన్నాడు డ్రైవరు. ఎలా ఎక్కానో అడగకండి. వెనక సీట్లో కూర్చోవడం కుదరక, గోడకి చేరేసిన నిచ్చెనలా ఏటవాలుగా ఒరిగిపోయి మాదాపూర్ దాకా వెళ్లాను.

అసలు సంగతి చెప్పాలి. చదివింది భూగర్భశాస్త్రం, చేరింది రాళ్లను పరిశీలించే ఒక ఆఫీసులో, తాత్కాలికంగా. మా ఆఫీసరుగారు, అందరూ 'పెద్దసారు' అనే ఆయన, చెడ్డవారు కారు. ఆడపిల్ల చీరతో గుట్టలెక్కడం ఆయన ఊహకి అందేది కాదు, అంతే. "ఫీల్డు మీకెందుకమ్మా? లైబ్రరీ గదిలో చల్లగా కూర్చోండి, ఫ్యాను కూడా ఉంది," అనేవారు. నేను పట్టు విడవకపోతే చివరికి ఒక మాట అన్నారు: "సరే. శనివారం మాదాపూర్ గుట్టకి రండి. నడినెత్తిన ఉన్న బండ నుంచి ముక్క కొట్టుకొస్తే ఫీల్డు. లేకపోతే ఫ్యాను." ఇద్దరు పసిపిల్లల్ని మా పెద్దమ్మ దగ్గర వదిలి వస్తున్నది ఫ్యాను గాలికా? చీరతో ఎక్కలేనన్న మాట ఎలాగూ వస్తుంది కనుక ప్యాంటు కుట్టించుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఎలాంటి ప్యాంటు అన్నదానిపై మా వారు, నేను రెండు రాత్రులు చర్చించాం. వదులుగా ఉంటే తుమ్మముళ్లకి పట్టుకుంటుంది, కనుక బిగువుగా ఉండాలి. టెరిలిన్ లాంటి పలచటి గుడ్డ బండ మీద జారితే చిరుగుతుంది, కనుక మందంగా ఉండాలి. ఇంతా చేసి గుడారాలకి వాడే ఖాకీ గుడ్డ కొన్నాం. చందానగర్ బజారులో టైలర్ మామ దాన్ని వేళ్లతో నలిపి, "సైకిల్ టైరన్న చినుగుతది గని, గిది చినగదమ్మా. ఫికర్ చెయ్యకు," అన్నాడు. అంతవరకు బాగుంది. కొలత దగ్గర ఇద్దరికీ సిగ్గొచ్చింది. ఆడమనిషికి ప్యాంటు కొలత తియ్యడం ఆయనకీ మొదటిసారే. ఆయన గోడవైపు తిరిగి నిలబడి అంకెలు రాసుకుంటే, వాళ్లావిడ గడ్డిమోపు కట్టినట్టు టేపు బిగించి కొలిచింది. మగవాళ్లకైతే "జర కూసొని లేవుండ్రి సార్" అని చూసేవాడు. నాతో ఆ మాట అనడానికి ఆయనకి నోరు రాలేదు, అడగడానికి నాకూ రాలేదు.

ఆ శనివారం పొద్దున తలుపు గడియ పెట్టి, కాళ్లకి పౌడరు రాసుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుని దాన్ని ఎక్కించాను. పైన చీర కట్టాను (కృష్ణా జిల్లా నుంచి పిల్లల కోసం వచ్చిన పెద్దమ్మకి కనబడకుండా). కొత్త గుడ్డ కదా, నడిస్తే సాగుతుందనుకున్నాను.

సాగలేదు. గుట్ట కింద జీపు చాటున చీర విప్పి, మా వారి పొడుగు చొక్కా తొడుక్కుని, సుత్తి పట్టుకుని బయలుదేరాను. వాలుగా ఉన్నంతవరకు గడకర్రల మీద నడిచేవాళ్లలా వెళ్లాను. సగం దూరంలో ఛాతీ ఎత్తు బండ అడ్డొచ్చింది. పైకి కాలు లేవదు, కిందికి దిగుదామంటే మోకాలు వంగదు, ఏడుద్దామంటే కూర్చునే వీలు లేదు. కింద నుంచి పెద్దసారు గొడుగు పట్టుకుని కేకేశారు: "దిగిపోతారా అమ్మా? పర్లేదు, ఫ్యాను బాగు చేయించాను!"

అప్పుడు మేకల్ని తోలుకుంటూ ఒక అవ్వ వచ్చింది. నన్ను చుట్టూ తిరిగి చూసింది.

"ఏందమ్మా, గట్ల కట్టెలెక్క నిలవడ్డవ్?"

"కాళ్లు వంగట్లేదవ్వా. ప్యాంటు బిగిసిపోయింది."

"ఇప్పెయ్యరాదు మరి."

"చెమటకి అంటుకుపోయింది, రావట్లేదు."

అవ్వ నడుముకున్న కొడవలి తీసింది. "కొయ్యాల్నా?"

అప్పటికి నా మోకాళ్లు ఎండ చూసి పన్నెండేళ్లయింది. కింద గొడుగు, పైన బండ. "కొయ్యి అవ్వా," అన్నాను. ఆ గుడ్డ ఎంత గట్టిదంటే అవ్వ మూడుసార్లు ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. "గీ బట్ట నా మేకలకెయ్యాలె, తోడేలు గూడ కొరకది," అంటూ రెండు మోకాళ్ల దగ్గరా అడ్డంగా చీల్చి, "ఇగ పో బిడ్డా," అని వీపు మీద ఒకటి చరిచింది.

పోయాను. పాకాను, మోకాళ్లు గీసుకున్నాను, గుట్ట నెత్తిన ఉన్న బండ దగ్గర కూర్చున్నాను కూడా (ఆ రోజు మొదటిసారి). ముక్క తెచ్చి చేతికిస్తే పెద్దసారు తల ఎత్తకుండా, నా వైపు చూడకుండా, దాన్ని చాలాసేపు పరీక్షించారు. "గ్రానైటే," అన్నారు (ఎవరైనా కాదన్నారా!). తరవాత మెల్లగా, "సోమవారం జీపు ఆరింటికే వస్తుందమ్మా."

సాయంత్రం చీర చాటున ఇంట్లోకి జారుకున్నానా, పెద్దమ్మ పసుపు గిన్నెతో ఎదురొచ్చింది. "పొద్దున నువ్వు కొయ్యబొమ్మలా నడుస్తుంటేనే అనుకున్నానే, లోపల ఏదో ఉందని."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేసేదానివి."

ఇప్పుడు పిల్లలు గోడెక్కితే కింద చేతులు చాపి నిలబడే తల్లిని నేను. రేపు పెద్దవాడి బడివాళ్లు గుట్టలకి తీసుకెళ్తున్నారంటే, నిద్ర రాక ఇది రాసుకుంటున్నాను. వాడి నిక్కరు రెండుసార్లు లాగి చూశాను. పసుపు పూసిన మోకాళ్లతో ఆ మర్నాడు కాఫీ తాగుతున్న ఆ ఇరవై ఆరేళ్ల అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తోంది. ఆమెకి భయం లేదని కాదు, భయంతోనే ఎక్కింది. మోకాలు దోక్కుపోవడానికి మా ఇంట్లో పడటం ఒకటే కారణం కనుక, ఆ పొద్దున పిల్లలిద్దరూ ఎదురుగా గొంతుక్కూర్చుని, జాలిగా ఊదుతూ, "ఎక్కడ పడ్డావమ్మా?" అని అడిగారు.

"పడలేదు నాన్నా," అని చెప్పాను. "ఎక్కాను."