ఎక్కక్కర్లేని నిచ్చెన

అంద్రెయ నిచ్చెన వేస్తే చాలు, కింద ఉన్నవాళ్ళకి సగం బెంగ తీరిపోయేది. తెనాలి నుంచి అతన్ని పిలిపించుకున్న ఇల్లు అతను డాబా మీదికి పోయేదాకా ఊపిరి బిగబట్టుకుని చూసేది. పైనుంచి అతను "వచ్చిందా?" అని కేకేసేవాడు. "రాలేదూ!" అని కిందనుంచి ఇల్లంతా ఒక్క గొంతుతో పలికేది. టీవీ డిష్‌ని రెండుసార్లు తట్టి, కాసేపు గాలికి కూర్చుని, మళ్ళీ "వచ్చిందా?" అనేవాడు. "వచ్చిందీ!" అన్న ఆ మాటలో పండగ ఉండేది.

తెనాలి మార్కెట్ వెనక సందులో వాళ్ళ కొట్టు. అతని భార్య ప్రేమకుమారి కౌంటర్‌లో కూర్చుని ఫోన్లు తీసేది, వైర్లు చుట్టలు చుట్టేది. నెలనెలా డబ్బు కట్టక్కర్లేని డిష్‌లున్న ఇళ్ళకి ఏటా ఏప్రిల్ మొదట్లో ఒక చిన్న కలవరం వస్తుంది. కొన్ని ఛానెళ్ళు వెళ్ళిపోతాయి, కొన్ని కొత్తగా వస్తాయి, మిగిలినవి చోటు మారతాయి. నిన్న పాట వచ్చిన చోట ఇవాళ నల్లటి తెర. టీవీ పక్కనుండే బాక్సు చేత ఛానెళ్ళన్నిటినీ మళ్ళీ వెతికించాలి. దాన్నే ట్యూనింగ్ అంటారు. రేపల్లె రైలు లైను వెంబడి ఊళ్ళలోనూ, అటు బాపట్ల దాకానూ అంద్రెయ బిగించిన డిష్‌లున్నాయి. ఆ వారమంతా ఫోన్ మోగుతూనే ఉండేది. కాలువలు కట్టేసి చేలన్నీ పడుకునే వేసవిలో, అంద్రెయ ఇంటికి అదే పంట.

కిందటి ఏప్రిల్‌లో రేపల్లెలో ఒక రేకుల ఇంటి మీద రేకు పగిలి అంద్రెయ కింద పడ్డాడు. కాల్లో రాడ్డు వేశారు. ఇక నిచ్చెన మాట ఎత్తొద్దన్నారు డాక్టరుగారు.

ఈ ఏడు మార్చి చివర్లో అతను కొట్టులో టీవీ ముందు భార్యని కూర్చోబెట్టాడు.

"మెనూలోకెళ్ళు. పాతవన్నీ తీసెయ్. ఇప్పుడు వెతకమను."

నీలం గీత ఒకటి తెర మీద మెల్లగా పాకింది. దాని వెనకాలే పేర్లు మొలిచాయి, తొలకరికి నారుమడి లేచినట్టు. ప్రేమకుమారి మొహం విప్పారింది.

"డిష్ ఎప్పుడు తిప్పాలండీ?"

"తిప్పక్కర్లేదు. గాలికి కదిలితేనే దాని జోలికెళ్ళాలి. ఛానెళ్ళు మారితే రిమోట్ చాలు."

"మరి మీరు ఏటా ఎందుకెక్కేవాళ్ళు?"

అంద్రెయ నవ్వాడు. "కుర్చీలో కూర్చుని బటన్లు నొక్కితే పని చేశాడంటారా కుమారీ? ఆ మాత్రం మేమూ నొక్కుతాం అంటారు. పైకెక్కి దిగితే మనిషి చెమటోడ్చాడని కాఫీ ఇస్తారు."

ఆమె నవ్వలేదు. చాచి పెట్టుకున్న అతని కాలు వంక చూసింది.

"రేపల్లెలో?"

కొట్టు ముందు నుంచి ఒక ఆటో వెళ్ళింది. ఇంకొకటి కూడా వెళ్ళింది.

"బొమ్మ వచ్చేశాకే ఎక్కాను" అన్నాడు అంద్రెయ.

ప్రేమకుమారి ఆ పూట చుట్టిన వైరునే విప్పి మళ్ళీ చుట్టింది. మర్నాడు పొద్దున జడ వేసుకుంటూ అంది. "ఇళ్ళకి నేను వెళ్తాను. కానీ ఎవరింట్లోనూ నిచ్చెన ముట్టుకోను."

"ఎక్కకపోతే నమ్మరే. ఈ వారం నమ్మలేదంటే ఇంకొకళ్ళని పిలుచుకుంటారు. ఆ ఇల్లు మళ్ళీ మనకి రాదు."

"రాకపోతే పోనీండి."

పోనీండి అంది గాని, కొట్టు అద్దె, పిల్ల చదువు, అతని మందులు అన్నీ ఆ మాట వెనకాలే నిలబడి చూస్తున్నాయని ఆమెకి తెలుసు.

అతను చెప్పినట్టే అయింది. రేపల్లె లైనులో దిగిన మొదటి ఊళ్ళోనే "అంద్రెయ రాలేదా?" అని గుమ్మంలోనే ఆపారు. ఇంకో ఇంట్లో బొమ్మ వచ్చాక, "దానంతటదే వచ్చినట్టుంది" అని మొహామొహాలు చూసుకున్నారు. "పైకెక్కనే లేదుగా, దీనికి కూడా డబ్బులేంటమ్మా?" అందొక ముసలావిడ, కోపంగా కూడా కాదు, నిజంగానే అర్థం కాక.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. వెనక్కి పోతున్న డాబాల మీద డిష్‌లన్నీ ఒకే దిక్కుకి మొహాలెత్తి, చర్చిలో ప్రార్థనకి లేచి నిలబడ్డ సంఘంలా కనిపించాయి. వాటిలో ఒక్కటీ ఏ తప్పూ చేయలేదు. అయినా ఏటా వాటిని ఎవరో ఒకరు వెళ్ళి తట్టి రావాల్సిందే.

ఆ వారం మధ్యలో బాపట్ల నుంచి వరమ్మ ఫోన్ చేసింది. వరమ్మ కాలేజీ హాస్టల్లో ఏళ్ళ తరబడి వంట చేసి మానుకున్న మనిషి. ఆ వీధిలో ఆమె బాగుందన్న కూరే బాగున్నట్టు. ప్రేమకుమారి వెళ్ళేసరికి పెరటి గోడకి వెదురు నిచ్చెన ఆనించి ఉంది.

"నీకోసమే పెట్టించానమ్మాయ్."

"దాంతో పన్లేదు పిన్నిగారూ."

"పన్లేకపోవడమేంటి? మీ ఆయన వచ్చినప్పుడల్లా ఎక్కేవాడుగా!"

ప్రహరీ గోడ అవతల నుంచి పక్కింటి నరసింహారావు పేపరు దించాడు. "ఆడమనిషి కదండీ, భయం. అంద్రెయ అయితే ఈపాటికి పైనుండేవాడు."

"మీరు ఎక్కి చూపించండి బాబాయిగారూ, నేను నేర్చుకుంటాను" అంది ప్రేమకుమారి.

పేపరు మళ్ళీ పైకి లేచింది.

ఆమె నేల మీద కూర్చుని పని చేసింది. నీలం గీత పాకింది. వరమ్మ రోజూ పొద్దున్నే పెట్టుకునే భక్తి ఛానెల్ హారతి గంటతో ఇంట్లోకి వచ్చింది. వరమ్మ కళ్ళకద్దుకుంది. అంతలోనే అనుమానం ముసిరింది.

"వచ్చింది సరే. ఆగుతుందా? పైన ఏమీ బిగించలేదు. ఒక్కసారి ఎక్కి చూసి రామ్మా, నా తృప్తి కోసం."

ప్రేమకుమారి పెరట్లోకి వచ్చి నిచ్చెన ముందు నిలబడింది. చెయ్యి మెట్టు మీద పడింది. వెదురు వెచ్చగా ఉంది. ఈ ఒక్క ఇల్లు చాలు, వీధి మొత్తం వస్తుంది. ఎక్కడం ఎంతసేపు, దిగడం ఎంతసేపు. అంద్రెయ కూడా ప్రతిసారీ ఇలాగే అనుకుని ఉంటాడు.

చెయ్యి తీసేసి లోపలికి వచ్చింది.

"పిన్నిగారూ, మా ఆయన కిందటేడు కింద పడ్డ రోజు కూడా బొమ్మ వచ్చేశాకే ఎక్కాడు. ఆ ఇంటివాళ్ళ తృప్తి కోసమే. దిగేసరికి కాఫీ కలిపి కూడా ఉంచారంట."

వరమ్మ పెరట్లోని నిచ్చెన వంక చూసింది. నరసింహారావు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

ప్రేమకుమారి రిమోట్ తీసుకుంది. వచ్చిన ఛానెళ్ళన్నిటినీ తుడిచేసింది. హారతి సగంలో ఆరిపోయింది.

"అయ్యో! వచ్చినదాన్ని పోగొట్టిందేంటి!" నరసింహారావు గోడ మీదకి వంగాడు.

"మీరు నొక్కండి పిన్నిగారూ. ఇక్కడ. పని ఎక్కడ జరుగుతుందో మీ కళ్ళతోనే చూడండి."

వరమ్మ నొక్కింది. తెర మీద ఒక పేరు వచ్చింది. వరమ్మ పైకి చదివింది. ఇంకొకటి. అదీ చదివింది. కాసేపటికి ఆమె గొంతు మారిపోయింది. హాస్టల్లో గంట కొట్టి పిల్లల్ని పేరుపేరునా భోజనానికి పిలిచిన గొంతు అది. ఒక్కొక్క ఛానెలూ వచ్చి పంక్తిలో కూర్చుంటోంది.

"ఇదుగో, నా భక్తి ఛానెల్! ఎక్కడో చివర కూర్చుంది పాపం. దీన్ని ముందుకి జరపొచ్చా?"

"ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో మీ ఇష్టమండి" అని ప్రేమకుమారి చూపించింది.

"ఏమ్మా, ఇలా నేర్పేసుకుంటూ పోతే వచ్చే ఏడు నిన్నెవరు పిలుస్తారు?" అన్నాడు నరసింహారావు.

ఆ ప్రశ్నని వరమ్మే అందుకుంది.

"నా గుత్తొంకాయ చేసే పద్ధతి మీ ఆవిడకి ఎన్నిసార్లు చెప్పానండీ? మీరు గిన్నె పట్టుకుని రావడం మానేశారా?"

నరసింహారావు గట్టిగా నవ్వాడు. "సరే, మా ఇంటికి కూడా రామ్మా. మాకు నిచ్చెన లేదు. ఎవర్ని పిలవాలన్నా అదే దిగులు."

సాయంత్రం దాకా ఆ వీధిలోనే సరిపోయింది. సముద్రం మీంచి పైరగాలి మొదలయ్యేసరికి, ఎవరో పిల్లలు వరమ్మ నిచ్చెనని అడ్డంగా పడుకోబెట్టి దాని మెట్ల మధ్య గెంతుతున్నారు.

ఆమె తెనాలి చేరేసరికి అంద్రెయ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. "ఆ, ఉన్నారండి. ఆవిడే వస్తారండి." పెట్టేసి భార్య వంక వింతగా చూశాడు. "అన్నీ బాపట్ల ఫోన్లే. పైకెక్కకుండా చేసే ఆవిడ కావాలంటున్నారు. నా పేరు ఒక్కళ్ళూ ఎత్తలేదు."

"బాధగా ఉందా?"

"కొంచెం" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "పొద్దున రేపల్లె నుంచి కూడా చేశారు. ఆ రేకుల ఇంటివాళ్ళు. ఏమనాలో తెలీక మళ్ళీ చేస్తానన్నాను."

"రేపు పొద్దున బండికి వెళ్దాం. ఇద్దరం."

రేపల్లెలో ఆ ఇంటి కప్పు మీద కొత్త రేకు ఒకటి మిగతావాటికన్నా తెల్లగా మెరుస్తోంది. ఇంటావిడ అంద్రెయకి కుర్చీ వేసింది, కాలు వంక చూడలేక వంటింట్లోకి తప్పుకుంది. ప్రేమకుమారి టీవీ ముందు కూర్చుని ఆ ఇంటి పిల్ల చేతికి రిమోట్ ఇచ్చింది. నీలం గీత కదిలింది.

అంద్రెయ కాసేపు కప్పు వంక చూశాడు. కాసేపు ప్రేమకుమారి వీపు వంక చూశాడు. ఎన్నో డాబాల మీంచి అరిచిన గొంతు, ఈసారి కేక వేయాల్సిన పని లేక, కుర్చీలోంచి మెల్లగా వచ్చింది.

"వచ్చిందా?"

వంటింట్లోంచి ఇంటావిడ తొంగి చూసింది. ఇల్లంతా ఒక్క గొంతుతో అంది.

"వచ్చిందీ!"